చిన్న షెడ్డుకి కారు లిఫ్ట్: ముందు నేల, తర్వాత ఆర్మ్‌లు, ఆఖరున టన్నులు

లిఫ్ట్ కొందామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది, "ఎన్ని టన్నులది తీసుకోమంటారు?" అని. నేను తిరిగి అడిగేది, "మీ షెడ్డులో కాంక్రీటు ఎంత మందం పోశారు?" అని. దీనికి వెంటనే జవాబు చెప్పేవాళ్లు తక్కువ. కేటలాగ్‌లో టన్నులు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. నేల సంగతి మాన్యువల్ లోపలి పేజీల్లో ఎక్కడో ఉంటుంది. అందుకే అందరి ఆలోచనా టన్నుల దగ్గరే మొదలవుతుంది. కానీ బండి గాల్లోకి లేచాక ఆ భారమంతా వచ్చి ఆగేది నేలలో దిగిన కొన్ని బోల్టుల మీద. ఆ బండి కింద తల పెట్టి నిలబడేది మనమో, మన దగ్గర పనిచేసే కుర్రాళ్లో. కాబట్టి ముందు నేల చూడాలి, ఆ తర్వాత పైకప్పు, ఆ తర్వాత బండిని పట్టుకునే ఆర్మ్‌లు. ఇవి తేలాక టన్నుల లెక్క దానంతటదే తేలుతుంది.

నాది రెండు బండ్లు పట్టే వర్క్‌షాప్. క్లచ్‌లు, సస్పెన్షన్, బ్రేకులు, సైలెన్సర్లు, ఎక్కువగా బండి కింద జరిగే పనే. ఈ పని చేసేవాళ్లకి లిఫ్ట్ వస్తే నడుము, మోకాళ్లు బతుకుతాయి. జాకీ, స్టాండ్ల మీద పడుకుని గేర్‌బాక్స్ దించినవాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే చిన్న షెడ్డువాళ్లు కూడా లిఫ్ట్ పెట్టుకోవాలనే నేను అంటాను. కాకపోతే తమ షెడ్డుకి సరిపోయేదే పెట్టుకోవాలి.

ముందు పాత బిల్లు బుక్కు తీయండి

గత రెండు మూడు నెలల బిల్లులు ముందేసుకుని, ఒక్కో బండికి రెండు విషయాలు రాయండి. వచ్చింది ఏ బండి? ఆ పనికి చక్రాలు వేలాడాలా, లేక నేల మీద ఆనినట్టే ఉండాలా? క్లచ్, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, డ్రైవ్ షాఫ్ట్, బ్రేకులు, ఇవన్నీ చక్రాలు వేలాడితేనే సుఖంగా అయ్యే పనులు. వీల్ ఎలైన్‌మెంట్‌కి చక్రాల మీద బరువు ఉండి తీరాలి. ఆయిల్ మార్చడానికి, సైలెన్సర్ పనికి ఎలా ఉన్నా ఫర్వాలేదు. టైర్లు, బ్రేక్ ప్యాడ్‌లు, బాడీ పని మాత్రమే అయితే బండి మనిషి ఎత్తుకి లేవనక్కర్లేదు, నడుము ఎత్తుకి వస్తే చాలు.

ఈ కాగితం ముందుంటే ఏ రకం లిఫ్ట్ కావాలో సగం తేలిపోతుంది.

మామూలు రిపేరు పనికి టూ పోస్ట్ లిఫ్ట్‌ని మించింది లేదని నా అభిప్రాయం. రెండు స్తంభాలు, నాలుగు ఆర్మ్‌లు. బండిని బాడీ కింద పట్టుకుని లేపుతుంది కాబట్టి నాలుగు చక్రాలూ వేలాడతాయి, బండి మధ్య భాగమంతా ఖాళీగా ఉంటుంది. తక్కువ చోటులో ఎక్కువ రకాల పని దీని మీదే అవుతుంది. అయితే నేల మీద ఎక్కువ భారం వేసేది కూడా ఇదే.

నాలుగు స్తంభాల ఫోర్ పోస్ట్ మీదకి బండి నేరుగా ఎక్కుతుంది. చక్రాలు పలకల మీద ఆనే ఉంటాయి. ఎలైన్‌మెంట్‌కి, బరువైన వ్యాన్లకి, తనిఖీ పనికి ఇది బాగుంటుంది. చక్రాలు విప్పాలంటే మాత్రం బండిని పలకల మీంచి లేపే, మధ్యలో జరిగే జాకింగ్ బీమ్ విడిగా పెట్టించుకోవాలి. పొడవుగా ఉంటుంది కాబట్టి చిన్న షెడ్డులో ఒక వరసంతా శాశ్వతంగా దీనికే పోతుంది. ఎలైన్‌మెంట్ మీదే మీ వ్యాపారం నడుస్తుంటే తప్ప, ఉన్న ఒకే ఒక్క లిఫ్ట్‌గా దీన్ని నేను చెప్పను.

సిజర్ లిఫ్ట్ కత్తెరలా మడిచి నేలకి ఆనుకుని ఉంటుంది, స్తంభాలు అడ్డం రావు. సుమారు మీటరు ఎత్తుకి లేపే రకం టైర్లకి, బ్రేకులకి, పెయింటు పనికి చక్కగా సరిపోతుంది. కానీ దాని యంత్రమంతా బండి నడుము కిందే ఉండటంతో గేర్‌బాక్స్ దించడానికి, సైలెన్సర్ పూర్తిగా విప్పడానికి చోటు ఉండదు. పూర్తి ఎత్తుకి లేచే సిజర్‌లని నేలలో గుంత తీసి కూర్చోబెడతారు. అలా అయితే ఆ గుంతలోంచి నీళ్లు బయటికి పోయే దారి ముందే చూసుకోవాలి. నీళ్లు నిలిస్తే పిన్నులు, బుష్‌లు తుప్పు పట్టి పాడవుతాయి.

అద్దె షెడ్డులో ఉండి, నేలకి రంధ్రాలు వేయనివ్వకపోతే, చక్రాల మీద జరుపుకునే చిన్న సిజర్ లిఫ్ట్ ఒక్కటే మంచి దారి. టూ పోస్ట్ లిఫ్ట్‌ని బోల్టులు లేకుండా తాత్కాలికంగా నిలబెడదామనే ఆలోచన అసలు రానివ్వకండి.

ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఎక్కువగా టూ పోస్ట్ గురించే. చిన్న షెడ్డులో ఎక్కువమంది కొనేది అదే, పొరపాట్లు ఎక్కువగా జరిగేది కూడా దాంట్లోనే.

నేల

టూ పోస్ట్ లిఫ్ట్ స్తంభం మీద బరువు నిట్టనిలువుగా పడదు. ఆర్మ్‌లు లోపలివైపుకి చాచుకుని ఉంటాయి, బండి వాటి చివరన కూర్చుంటుంది. కాబట్టి బండి లేచిన కొద్దీ రెండు స్తంభాలూ లోపలికి ఒరగాలని చూస్తాయి. స్తంభం అడుగున ఉండే బేస్ ప్లేట్ లోపలి అంచు నేలని కిందికి నొక్కుతుంది, బయటి అంచులో ఉన్న బోల్టులు పైకి లాగబడతాయి. ఆ లాగుడుని తట్టుకోవాల్సింది బోల్టు చుట్టూ ఉన్న కాంక్రీటు. అది పలచగా ఉంటే బోల్టు ఎంత గట్టిదైనా కాంక్రీటు ముక్కతో సహా పైకి వస్తుంది.

మాన్యువల్‌లో రెండు అంకెలు ఉంటాయి: కాంక్రీటు కనీస మందం, కనీస బలం. మోడల్‌ని బట్టి మందం 100 మి.మీ. నుంచి 200 మి.మీ. దాకా అడుగుతారు. బలం, అంటే కాంక్రీటు ఎంత నొక్కుడు తట్టుకుంటుందో చెప్పే అంకె, సాధారణంగా 20 నుంచి 25 మెగాపాస్కల్స్ మధ్య ఉంటుంది. మీరు కొనబోయే మోడల్ మాన్యువల్‌ని డబ్బు కట్టక ముందే తెప్పించుకుని ఈ పేజీ చదవండి. మాన్యువల్ ముందుగా ఇవ్వడానికి వెనకాడే అమ్మకందారు దగ్గర నేను కొనను.

మీ నేల మందం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. స్తంభాలు వచ్చే రెండు చోట్లా సుద్దముక్కతో గీయండి. కింద కరెంటు పైపు గానీ నీళ్ల పైపు గానీ లేదని నిర్ధారించుకున్నాక, 10 లేదా 12 మి.మీ. డ్రిల్ బిట్‌తో ఒక్కో చోట రంధ్రం వేయండి. బిట్ గట్టిగా మొరాయిస్తూ దిగి, ఒక్కసారిగా జారినట్టు కిందికి పోతే అక్కడ కాంక్రీటు అయిపోయి మట్టి మొదలైనట్టు. సన్నటి ఇనప తీగ కొసని కొక్కెంలా వంచి ఆ రంధ్రంలోకి దించండి. కొక్కెం కాంక్రీటు అడుగు అంచుకి తగిలేలా పైకి లాగి, నేల మట్టం దగ్గర తీగ మీద గుర్తు పెట్టి కొలవండి. అదే అసలు మందం. ఒక చోట కొలిచి ఊరుకోవద్దు. పాత నేలల్లో ఒక మూల 150 మి.మీ. ఉండి, మూడు మీటర్ల అవతల 80 ఉండటం మామూలే. పోసేటప్పుడు కింద మట్టి సమంగా లేకపోతే కాంక్రీటు మందం అలాగే మారుతూ పోతుంది.

డ్రిల్ చేసేటప్పుడు రంధ్రం అంచు కూడా చూడండి. మంచి కాంక్రీటులో అంచు శుభ్రంగా, గుండ్రంగా వస్తుంది. వేలితో గీరితే ఇసుకలా రాలుతుంటే, అంచు విరిగి రంధ్రం గరాటులా వెడల్పవుతుంటే ఆ కాంక్రీటుని నమ్మకండి. బలం అంకెల్లో తెలియాలంటే, కాంక్రీటు మీద కొట్టి బలం అంచనా వేసే రీబౌండ్ హ్యామర్ ఉన్న సివిల్ ఇంజినీరుని పిలిచి పరీక్ష చేయించుకోండి. కొత్తగా పోసిన నేల అయితే 28 రోజులు ఆగాకే బోల్టులు దించాలి.

టైల్స్ ఉన్నాయా? బేస్ ప్లేట్ వచ్చేంత మేర తీసేయండి. ప్లేట్ నేరుగా కాంక్రీటు మీద కూర్చోవాలి. పగుళ్ల దగ్గర, రెండు పోతల మధ్య జాయింటు దగ్గర, స్లాబ్ అంచున బోల్టు పడకూడదు. ఎంత దూరం ఉండాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. కింద సెల్లార్ ఉన్న నేల మీద, లోపల బిగించిన తీగలతో పోసిన పోస్ట్ టెన్షన్ స్లాబ్ మీద స్ట్రక్చరల్ ఇంజినీరు చూడకుండా డ్రిల్ పెట్టొద్దు. ఆ తీగ తెగితే ముప్పు లిఫ్ట్‌కి ఒక్కదానికే కాదు, స్లాబ్‌కి కూడా.

నేల సరిపోలేదని తేలితే దిగులుపడాల్సిన పని లేదు. స్తంభాలు వచ్చే చోట పాత కాంక్రీటు కోసి తీసి, మాన్యువల్ చెప్పిన కొలతల్లో, కమ్మీ కట్టి, కొత్త దిమ్మె పోయించవచ్చు. దానికి పట్టే సమయాన్ని లిఫ్ట్ వచ్చే తేదీలో కలుపుకోండి. లిఫ్ట్ వచ్చి షెడ్డులో పడి ఉంటే, బిగించే మనుషులు ఎదురుచూస్తుంటే, పచ్చి కాంక్రీటు మీదే కానిచ్చేయాలన్న ఒత్తిడి వస్తుంది. ఒక షెడ్డులో అలాగే జరిగింది, నేను కళ్లారా చూశాను. బోల్టు చుట్టూ వెంట్రుకంత పగుళ్లు వచ్చాయి, ప్లేట్ బయటి అంచు కింద కాగితం దూరేంత సందు తేలింది. ఆ లిఫ్ట్ విప్పి, నేల పగలగొట్టి, మొదటి నుంచి మళ్లీ చేయాల్సి వచ్చింది.

పైకప్పు, చోటు

టూ పోస్ట్‌లో రెండు రూపాలున్నాయి. రెండు స్తంభాలనీ కలిపే గొట్టాలు, తాళ్లు పై నుంచి పోయేది ఒకటి, కింద నేల మీది పలక లోంచి పోయేది ఇంకొకటి. పై నుంచి పోయేదానికి స్తంభాలే 3.6 మీటర్లు, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువ ఎత్తు ఉంటాయి, నేల మాత్రం సాఫీగా ఉంటుంది. కింది నుంచి పోయేది 2.8, 2.9 మీటర్ల ఎత్తులో సరిపోతుంది, కానీ మధ్యలో గట్టులా పలక అడ్డు ఉంటుంది. గేర్‌బాక్స్ జాకీని తోస్తుంటే ప్రతిసారీ ఆ గట్టు చక్రానికి తగులుతుంది. గేర్‌బాక్స్, ఇంజిన్ పని ఎక్కువగా చేసేవాళ్లు, పైకప్పు అందితే పై నుంచి పోయేదే తీసుకోవాలి. పైకప్పు అందకపోతే పలక రకంతో సర్దుకోవాలి. దాని వల్ల పని ఆగదు, చికాకు మాత్రం ఉంటుంది.

స్తంభం పట్టింది కదా అని వదిలేయకుండా బండి ఎంత ఎత్తుకి వెళ్తుందో లెక్క వేయండి. ఆర్మ్‌ల చివర బండికి ఆనే ప్యాడ్‌లు 1.8 మీటర్ల దాకా లేస్తాయనుకుందాం. మీ బండి ఎత్తు 1.5 మీటర్లు, ప్యాడ్ తగిలే చోటు నేల నుంచి 0.2 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే ప్యాడ్ పైన బండి ఎత్తు 1.3. మొత్తం 3.1 మీటర్లు. అదే 1.85 మీటర్ల ఎత్తున్న ఎస్‌యూవీ అయి, ప్యాడ్ 0.3 దగ్గర తగిలితే, పైన 1.55 ఉంటుంది, మొత్తం 3.35. ఫోర్ పోస్ట్ మీద అయితే చక్రాలే పలక మీద ఉంటాయి కాబట్టి బండి పూర్తి ఎత్తు కలపాలి: 1.8కి 1.5 కలిపితే 3.3. అంటే ఒకే కారు ఫోర్ పోస్ట్ మీద ఇంకా పైకి పోతుంది. ఇక బోనెట్ తెరిచి లేపితే, డిక్కీ డోర్ తెరిచి ఉంటే, ఈ లెక్కలు మళ్లీ మారతాయి.

కొలత తీసేటప్పుడు రేకు దాకా కొలవకండి. అన్నిటికన్నా కిందికి ఉన్నది ఏదో చూడండి: దూలం, ట్యూబ్‌లైట్, ఫ్యాన్, రోలింగ్ షట్టర్ చుట్టుకునే డ్రమ్ము. ఏటవాలు పైకప్పు అయితే స్తంభాల దగ్గర ఎత్తు బాగుండి, బండి ముక్కు వచ్చే చోట తక్కువ ఉండొచ్చు. పైకప్పు తక్కువగా ఉన్నవాళ్లు పూర్తి ఎత్తు రాకపోయినా లిఫ్ట్ పెట్టుకోవచ్చు. అయితే బండి పైకప్పు తగలక ముందే మోటారు ఆగేలా లిమిట్ స్విచ్ పెట్టించాలి. ఎప్పటికప్పుడు చూసి ఆపుకుందాంలే అనుకుంటే ఏదో ఒకరోజు ఆపడం మర్చిపోతాం.

వెడల్పు విషయంలో, లిఫ్ట్ బయటి కొలత దాదాపు 3.4 మీటర్లు ఉంటుంది. దానికి రెండువైపులా మనిషి టూల్ ట్రాలీతో నడిచేంత చోటు కావాలి. బండి ముందూ వెనకా నడిచే చోటు కలుపుకుని పొడవు ఆరున్నర, ఏడు మీటర్లు ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది. కొనే ముందు నేల మీద సుద్దతో స్తంభాలు గీసి, మీ దగ్గరికి వచ్చేవాటిలో పొడవైన బండిని తెచ్చి లోపలికి ఎక్కించి చూడండి. బయటి నుంచి వచ్చి వంపు తిప్పుకోవాల్సి ఉంటే ఆ తిప్పడం కూడా చేసి చూడండి.

ఆర్మ్‌లు, అసలు బరువు లెక్క

ఇప్పుడు టన్నులు. లిఫ్ట్ మీద రాసిన బరువు నాలుగు ఆర్మ్‌లూ కలిపి మోసేది. మూడున్నర టన్నుల లిఫ్ట్‌లో ఒక్కో ఆర్మ్ వాటా 875 కిలోలు. మూడు టన్నుల వ్యాన్ వచ్చిందనుకోండి. మూడున్నర టన్నుల లిఫ్ట్ కదా, సరిపోతుందనిపిస్తుంది. కానీ ముందు ఇంజిన్ ఉన్న బండిలో బరువు ముందు వైపే ఎక్కువ. నూటికి అరవై వంతులు ముందుందనుకుంటే ముందు భాగం 1,800 కిలోలు, ఒక్కో ముందు ఆర్మ్ మీద 900. అంటే లిఫ్ట్ మొత్తం మీద అర టన్ను మిగిలే ఉన్నా, ముందు రెండు ఆర్మ్‌లు హద్దు దాటేశాయి. ఈ లెక్క వేయకుండా ఎవరూ లిఫ్ట్ కొనకూడదని నా గట్టి నమ్మకం. మీ బిల్లు బుక్కులో అన్నిటికన్నా బరువైన బండి తీసుకుని, దాని ముందు ఇరుసు బరువుని రెండుతో భాగించండి. ఆ అంకె లిఫ్ట్ సామర్థ్యంలో నాలుగో వంతు కన్నా బాగా తక్కువ ఉండాలి. మామూలు కార్లు, ఎస్‌యూవీలు వచ్చే షెడ్డుకి నాలుగు టన్నులది నిశ్చింతగా సరిపోతుంది. పెద్ద వ్యాన్లు తరచూ వస్తే అయిదు టన్నులు చూడండి. వ్యాన్ సామానుతో నిండి వస్తే ఖాళీ చేయించాకే లేపాలి.

ఆర్మ్‌ల అమరిక మీద కూడా దృష్టి పెట్టండి. కొన్నిట్లో స్తంభాలు ఎదురెదురుగా ఉండి నాలుగు ఆర్మ్‌లూ దాదాపు ఒకే పొడవు ఉంటాయి. దీన్ని సిమెట్రిక్ అంటారు. కొన్నిట్లో స్తంభాలు కొంచెం తిరిగి ఉండి ముందు ఆర్మ్‌లు పొట్టిగా, వెనకవి పొడుగ్గా ఉంటాయి. అది అసిమెట్రిక్. దీని మీద బండి కొంచెం వెనక్కి జరిగి నిలబడుతుంది కాబట్టి డ్రైవర్ డోర్ స్తంభానికి తగలకుండా తెరుచుకుంటుంది. చిన్న కార్లు ఎక్కువైతే ఇది సుఖం. పొడవాటి వ్యాన్లకి, పికప్‌లకి, బరువు ముందూ వెనకా సమానంగా ఉండేవాటికి సిమెట్రిక్ మంచిది. ఆర్మ్‌లని రెండు రకాలుగానూ తిప్పుకునే మోడల్స్ కూడా ఉన్నాయి. రకరకాల బండ్లు వచ్చే షెడ్డుకి నేను అదే చెప్తాను.

ఎలక్ట్రిక్ కార్లు ఇప్పుడు వస్తున్నాయి కాబట్టి వాటినీ దృష్టిలో పెట్టుకోండి. బ్యాటరీ బండి అడుగు పొడవునా పరిచి ఉంటుంది. అదే సైజు పెట్రోలు కారుకన్నా బరువెక్కువ, ప్యాడ్ పెట్టాల్సిన పాయింట్లు బాగా అంచున ఉంటాయి. ఆర్మ్ లోపలికి పోయి బ్యాటరీ పెట్టెకి తగలకూడదు. దానికి ఆర్మ్‌లు పలచగా ఉండాలి, పాయింట్ల దాకా అందాలి, పూర్తిగా మడిచినప్పుడు బాగా పొట్టిగానూ కావాలి. బ్యాటరీ దించే పని చేయాలనుకుంటే కింద పలక లేని రకమే తీసుకోండి. బ్యాటరీ దించుకునే బల్లని బండి కిందికి తోయడానికి నేల సాఫీగా ఉండాలి.

ఆర్మ్ పూర్తిగా దిగినప్పుడు ప్యాడ్ ఎంత ఎత్తులో ఉంటుందో అడగండి. 100 మి.మీ. చుట్టుపక్కల ఉంటే తక్కువ ఎత్తు కార్ల కిందికి కూడా దూరుతుంది. ప్యాడ్‌ల రబ్బరు, ఛాసిస్ ఉన్న బండ్లకి వేసే ఎత్తు ముక్కలు, బాడీ అంచు నలగకుండా గాడి ఉన్న రబ్బర్లు, ఇవి లిఫ్ట్‌తో పాటే వస్తాయో లేదో ముందే తేల్చుకోండి. చెక్క ముక్కలు పెట్టి ఎత్తు సర్దే అలవాటు కొన్ని షెడ్డుల్లో ఉంది. చెక్క చీలుతుంది, జారుతుంది. అది మానుకోవాల్సిందే.

లేపేది ఏది, ఆపేది ఏది

లేపే పని హైడ్రాలిక్ సిలిండర్ చేయొచ్చు, స్క్రూ చేయొచ్చు. స్క్రూ రకంలో పొడవాటి మర మీద నట్టు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మర దానంతటదే వెనక్కి తిరగదు కాబట్టి బండి ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. కానీ నట్టు అరుగుతుంది. దాని వెంట సేఫ్టీ నట్టు ఒకటి ఉంటుంది, ఆ రెంటి మధ్య సందు ఎంత మారిందో కొలిచి అరుగుదల చెప్తారు. గ్రీజు, ఆయిల్ క్రమం తప్పకుండా వేసేవాళ్లకి ఇది బాగా పనిచేస్తుంది. హైడ్రాలిక్ వేగంగా, మెత్తగా లేస్తుంది, రిపేరు తెలిసినవాళ్లు ఎక్కువ దొరుకుతారు. నేను హైడ్రాలిక్ వైపే మొగ్గుతాను.

హైడ్రాలిక్‌లో ఒక్క విషయం మనసులో బాగా నాటుకోవాలి: లేపేది ఆయిల్, మోసేది లాక్. బండి కావాల్సిన ఎత్తుకి వచ్చాక కొద్దిగా కిందికి దించి రెండు స్తంభాల్లోని ఇనప లాక్‌ల మీద కూర్చోబెట్టాలి. ఆ తర్వాతే కిందికి వెళ్లాలి. లేచేటప్పుడు లాక్ పళ్లు టక్ టక్ మంటూ రెండువైపులా ఒకేసారి వినపడాలి. ఒకవైపు ముందు, ఇంకోవైపు తర్వాత వినపడితే రెండువైపులా సమానంగా లేపే ఇనప తాడు సర్దాల్సిన అవసరం వచ్చిందని అర్థం. షోరూంలో లిఫ్ట్ చూసేటప్పుడు మోటారు శబ్దం కాదు, ఈ టక్ టక్‌లు వినండి.

ఇంకో ప్రశ్న కూడా అడగండి: బండి లాక్ మీద ఉండగా కరెంటు పోతే ఎలా దించాలి? లాక్ విడవాలంటే ముందు బండిని కొంచెం పైకి లేపాలి, దానికి పంపు తిరగాలి. చేత్తో కొట్టే పంపు కలిపే ఏర్పాటు ఉందో లేదో తెలుసుకోండి.

ఆర్మ్‌ల మొదట్లో పళ్ల చక్రాలుంటాయి. లిఫ్ట్ లేవగానే అవి పట్టుకుని ఆర్మ్ పక్కకి తిరగకుండా ఆపుతాయి. చేత్తో ఆర్మ్‌ని గట్టిగా నెట్టి చూడండి. జారితే ఆ లిఫ్ట్ వద్దు.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను. 2.2 కిలోవాట్ల మోటారు సింగిల్ ఫేజ్‌లో దాదాపు 15 ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో దానికి అయిదారు రెట్లు. త్రీ ఫేజ్‌లో అయిదు ఆంపియర్ల చుట్టుపక్కల సరిపోతుంది. త్రీ ఫేజ్ ఉంటే అదే తీసుకోండి. లేకపోతే విడి లైను, లావు వైరు, విడి బ్రేకరు వేయించండి. కంప్రెసర్ ఉన్న లైనుకే లిఫ్ట్‌ని కలపొద్దు.

కాగితాలు, పాత లిఫ్ట్‌లు

యూరప్ ప్రమాణం ఇఎన్ 1493, అమెరికాలో ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే ఏఎల్ఐ ధృవీకరణ, ఈ రెండూ లిఫ్ట్‌ల భద్రతకి పేరున్నవి. లిఫ్ట్ మీద స్టిక్కర్ ఉంటే చాలదు. ఆ మోడల్ నంబరు రాసి ఉన్న ధృవపత్రం కాపీ అడిగి, లిఫ్ట్‌కి కొట్టిన వివరాల ప్లేట్ మీది నంబరుతో పోల్చి చూడండి. ఇనప తాడు, సీల్ కిట్, లిమిట్ స్విచ్, ప్యాడ్ రబ్బర్లు ఎక్కడ దొరుకుతాయో, ఎన్ని రోజుల్లో వస్తాయో అడగండి. ఒక సీల్ కోసం నెలంతా లిఫ్ట్ ఆగిపోతే ఆ నెల వ్యాపారమూ ఆగిపోతుంది.

పాత లిఫ్ట్ దొరికితే తొందరపడకుండా పగటి వెలుతురులో చూడండి. వెల్డింగుల మీద మాత్రమే కొత్త పెయింటు ఉంటే అనుమానించాల్సిందే. ఆర్మ్‌లని పూర్తిగా చాపి చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. బాగా ఊగుతుంటే పిన్ను రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి అరిగి ఉంటాయి. గట్టి గ్లౌజు వేసుకుని, పాత గుడ్డతో ఇనప తాడుని చుట్టి పట్టి, తాడు వెంట మెల్లగా జరపండి. ఎక్కడ తీగ తెగి ముల్లులా లేచి ఉంటుందో అక్కడ గుడ్డ పోగు తగులుకుంటుంది. పుల్లీ గాడిలో తాడు అచ్చు పడి ఉంటే పుల్లీ కూడా మార్చాలి. సిలిండర్ రాడ్ మీద గీతలు, తుప్పు చుక్కలు ఉంటే సీల్ ఎంత మార్చినా నిలవదు. లిఫ్ట్ ప్లేట్ లేకపోయినా, మాన్యువల్ దొరక్కపోయినా దాన్ని వదిలేయండి. ఎంత బరువు మోస్తుందో రాసి లేని యంత్రం కింద నిలబడాల్సిన అగత్యం ఎవరికీ లేదు. నేలలో దించే యాంకర్ బోల్టులు మాత్రం పాతవి ఎన్నడూ వాడొద్దు.

బిగించే రోజు, ఆ తర్వాత

బిగించేటప్పుడు మీరు పక్కనే ఉండండి. స్తంభం రెండు ముఖాలకీ రసమట్టం పెట్టి నిలువు చూడాలి. సందులు పూడ్చడానికి పలచటి ఇనప బిళ్లలే (షిమ్‌లు) వాడాలి, అవి బోల్టు చుట్టూ పూర్తిగా ఆనాలి. రంధ్రంలోని దుమ్ము ఊది, బ్రష్‌తో తీసి, మళ్లీ ఊదాలి. దుమ్ము మిగిలితే బోల్టు పట్టు తగ్గుతుంది. బిగింపు, ఎంత బలంతో తిప్పామో చూపే టార్క్ రెంచితోనే, మాన్యువల్ చెప్పిన అంకెకే జరగాలి. ఏదైనా బోల్టు ఆ అంకె రాకుండానే తిరుగుతూ పోతుంటే కాంక్రీటు దాన్ని పట్టలేదు. అక్కడే పని ఆపించండి.

మొదట ఖాళీగా పైకీ కిందికీ కొన్నిసార్లు నడిపి, తర్వాత ఒక మామూలు కారుని పెట్టి చక్రాలు నేలని విడిచేంత మాత్రమే లేపండి. బంపర్ దగ్గర చేత్తో ఊపండి. ప్యాడ్ జరగకపోతేనే పైకి. ఈ ఊపి చూడటం మొదటి రోజుకి మాత్రమే కాదు, ప్రతి బండికీ చేయాల్సిందే. కొన్నాళ్లు వాడాక బోల్టులు మళ్లీ టార్క్ చూడాలి, కొత్త ఇనప తాడు సాగుతుంది కాబట్టి దాన్నీ సర్దాలి. ఎప్పుడెప్పుడు చేయాలో మాన్యువల్‌లో ఉంటుంది. ఏడాదికొకసారైనా తెలిసినవాళ్లతో మొత్తం తనిఖీ చేయించి, తేదీ వేసి కాగితం దాచండి.

ఇంజిన్ గానీ వెనక ఇరుసు గానీ దించితే బండి బరువు కేంద్రం మారిపోతుంది. ఇంజిన్ దిగితే తోక బరువెక్కి బండి వెనక్కి వాలాలని చూస్తుంది. అందుకే విప్పడం మొదలుపెట్టక ముందే వెనక ఎత్తు స్టాండు పెట్టాలి. బెల్టుతో బండిని ఆర్మ్‌లకి కట్టడం కూడా అలవాటు చేయండి.

షెడ్డులో లిఫ్ట్ బటన్ ఎవరు నొక్కొచ్చో పేరు పెట్టి చెప్పండి. కొత్తగా చేరిన కుర్రాడికి లాక్ శబ్దం వినడం, ప్యాడ్ పాయింట్లు చూడటం నేర్పాకే బటన్ ఇవ్వండి. బండి జారుతున్నట్టు అనిపిస్తే పట్టుకోబోవద్దని, దూరంగా పరిగెత్తమని ముందే చెప్పి ఉంచండి. లిఫ్ట్ లోంచి ఏదైనా తేడా శబ్దం వస్తే, ఒకవైపు వెనకబడితే, లాక్ సరిగా పడకపోతే, బండిని జాగ్రత్తగా కిందికి దించి, మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసి, తాళం చెవి మీ జేబులో పెట్టుకోండి. సర్వీసు మనిషి వచ్చి చూసేదాకా ఆ రోజు పని జాకీ, స్టాండ్ల మీదే నడవనివ్వండి.